తేలిక రైఫిలు, బరువైన తన్ను

ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న నాగలమడిక నుంచి దక్షిణానికి బయలుదేరితే పావగడ, మధుగిరి, కొరటగెరె దాటాక దేవరాయనదుర్గ కొండలు వస్తాయి. అన్నీ తుమకూరు జిల్లాలోవే. ఈ కొండల్లో తిరిగిన ఒక పెద్దపులి మీద వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ తన తొలి పుస్తకంలో ఒక అధ్యాయమే రాశారు. 1954లో వచ్చిన ఆ పుస్తకంలోనే చిత్తూరు వైపు చామల లోయ పులి కథ కూడా ఉంది. ఆండర్సన్ 1910లో సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో పుట్టారు. బెంగళూరులో విమానాల కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా అడవి బాట పట్టేవారు. ఆ తిరుగుళ్లలో ఆయన చేతిలో ఎక్కువకాలం ఉన్నది అమెరికాలో తయారైన రైఫిలు: వించెస్టర్ 1895 మోడల్, .405 తూటా.

కొండలెక్కి దిగే మనిషి మోయగలిగిన బరువే దానిది, నాలుగు కిలోల లోపు. అయితే అది భుజాన్ని గట్టిగా తన్నేది. ఆ తన్ను ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని తగ్గించడానికి తుపాకి చేసేవాళ్లు నూట యాభై ఏళ్లుగా ఏమేం చేశారో చూస్తే తేలిక రైఫిలు కథ మొత్తం తెలుస్తుంది.

ఆ కథ బరువైన తుపాకులతో మొదలవుతుంది. 19వ శతాబ్దంలో చాలాకాలం వేటగాళ్లకు దొరికింది నల్ల తుపాకిమందు ఒక్కటే. దానితో గుండును ఒక హద్దు దాటి వేగంగా పంపడం సాధ్యం కాదు. వేగం పెరగదు కాబట్టి పెద్ద జంతువును పడగొట్టాలంటే గుండునే పెద్దది చేయాలి. 4-బోర్ తుపాకి గుండు లెక్క ప్రకారం పావు పౌను సీసం, అంటే దాదాపు 113 గ్రాములు. మైసూరు ప్రభుత్వ కొలువులో ఉండి ఖెడ్డాలు పెట్టి ఏనుగులను పట్టించిన జి.పి. శాండర్సన్ ఏనుగుల మీదకు ఇలాంటి పెద్ద బోరు తుపాకులనే వాడారు. వాటి బరువు ఎనిమిది, తొమ్మిది కిలోల దాకా ఉండేది. ఆ బరువు లేకపోతే కాల్చినవాడి భుజం నిలిచేది కాదు.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగరాని మందును తయారుచేశారు. 1886 నాటికి ఫ్రెంచి సైన్యం లెబెల్ రైఫిలులో దాన్ని వాడకంలోకి తెచ్చింది. కొద్ది మందుతోనే బుల్లెట్ మునుపటికంటే చాలా ఎక్కువ వేగం అందుకునేది. వేగం చేతికొచ్చాక బుల్లెట్ సన్నబడింది. దానితోపాటు బ్యారెల్, రైఫిలు, వేటగాడి భుజం మీది మోత కూడా తగ్గాయి. ఇప్పుడు తేలిక వేట రైఫిలు అంటున్నవన్నీ ఈ మార్పు తర్వాత పుట్టినవే.

అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన జాన్ బ్రౌనింగ్ ఆ కొత్త మందు కోసమే 1895 మోడల్‌ను రూపొందించారు. అంతకుముందు వించెస్టర్ లీవర్ రైఫిళ్లలో తూటాలు బ్యారెల్ కింద ఒక గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి ఉండేవి. మొన తేలిన బుల్లెట్లను అలా పేరిస్తే వెనుక తూటా మొన ముందు తూటా అడుగునున్న ప్రైమర్‌కు తగిలి పేలే ప్రమాదం ఉంది. అందుకని బ్రౌనింగ్ తూటాలను ఒకదానిమీద ఒకటిగా, లీవరు ముందున్న పెట్టెలో అమర్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా తన సైన్యం కోసం మూడు లక్షలకు దగ్గరగా ఈ రైఫిళ్లు కొన్నది. .405 తూటా 1904లో వచ్చింది. అమెరికా అధ్యక్ష పదవి దిగిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో తూర్పు ఆఫ్రికాకు వెళ్తూ సింహాల కోసం ఈ రైఫిలునే వెంట తీసుకెళ్లారు.

ఇక తన్ను లెక్క. .405 బుల్లెట్ బరువు 19.4 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 670 మీటర్లు. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం బుల్లెట్, దాని వెంట దూసుకెళ్లే మందు వాయువులు కలిసి ముందుకు ఎంత ద్రవ్యవేగం తీసుకెళ్తే, రైఫిలుకు వెనక్కి అంతే వస్తుంది. వాయువులను కలుపుకుంటే ఇక్కడ అది సెకనుకు సుమారు 17 కిలోగ్రాం-మీటర్లు. 3.8 కిలోల రైఫిలయితే సెకనుకు 4.5 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది, భుజానికి చేరే శక్తి 38 జౌళ్లు. అదే తూటాను 2.8 కిలోల రైఫిలులో కాలిస్తే వేగం 6 మీటర్లు దాటుతుంది, శక్తి 52 జౌళ్ల దగ్గరకు చేరుతుంది. ఒక్క కిలో తగ్గిస్తే తన్ను మూడో వంతుకు పైగా పెరిగిందన్నమాట. ద్రవ్యవేగం మారదు, దాన్ని పంచుకునే బరువు తగ్గితే వేగం పెరుగుతుంది, శక్తి ఆ వేగం వర్గాన్ని బట్టి నడుస్తుంది.

అయితే జౌళ్ల లెక్క సగం సంగతే చెబుతుంది. ఒకే తన్ను రెండు రైఫిళ్లలో రెండు రకాలుగా తగులుతుంది. అందుకు 1895 మోడల్ మంచి ఉదాహరణ. ఆనాటి వాడుక ప్రకారం భుజానికి ఆనించే దాని మడమకు లోపలికి వంగిన సన్నటి ఉక్కు పలక ఉండేది. బలమంతా ఆ ఇరుకు చోటనే భుజంలో దిగేది. పైగా దాని మడమ బ్యారెల్ వరుసకు బాగా కిందికి ఉంటుంది. తన్ను బ్యారెల్ వరుసలో వస్తుంది, భుజం దానికి కింద ఆపుతుంది. దాంతో మూతి పైకి లేచి, కొయ్య చెంపకు కొడుతుంది.

తరువాతి రైఫిళ్లు ఈ రెండు లోపాలనూ సరిదిద్దాయి. మడమను బ్యారెల్ వరుసకు దగ్గరగా తెచ్చి, వెడల్పు చేసి, చివర రబ్బరు మెత్త పెట్టారు. రబ్బరు తన్నులో ఉన్న ద్రవ్యవేగాన్ని తగ్గించదు. అది నొక్కుకుపోతూ ఆ ద్రవ్యవేగం భుజానికి చేరే కాలాన్ని సాగదీస్తుంది. కాలం సాగితే ఏ క్షణానికైనా పడే బలం తగ్గుతుంది.

ఒక్క రబ్బరును నమ్ముకుంటే చాలదని రెండో ప్రపంచ యుద్ధం చివర్లో బ్రిటిష్ సైన్యానికి తెలిసింది. అడవుల్లో పోరాడే సైనికుల కోసం 1944లో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలును కత్తిరించి, ఉక్కును అక్కడక్కడా తొలిచి, బరువును సుమారు 3.2 కిలోలకు దించారు. దీనికే జంగిల్ కార్బైన్ అని పేరు. తూటా మాత్రం పాత .303. మడమకు రబ్బరు పెట్టారు కానీ అది భుజాన్ని ఆనే వెడల్పు చాలలేదు. తన్ను ఎక్కువన్న చెడ్డపేరు ఆ తుపాకిని చివరిదాకా వదల్లేదు.

దీనికి విరుగుడు తూటాలోనే ఉంది. చంపావత్‌లో మనుషులను తింటున్న పులిని 1907లో వేటాడినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు .275 రిగ్బీ రైఫిలును బహుమతిగా ఇచ్చారు. దాని బుల్లెట్ 9 గ్రాములు. ఇంచుమించు 3.4 కిలోల అలాంటి రైఫిలులో తన్ను 19 జౌళ్ల దరిదాపుల్లో, అంటే ఆండర్సన్ రైఫిలులో సగం ఉంటుంది. రుద్రప్రయాగ చిరుతను 1926లో కార్బెట్ ఆ .275తోనే కొట్టారు. తన్నుకు భయపడని వేలు మీటను మెల్లగా నొక్కుతుంది. దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడ తగిలితే చిన్న తూటా కూడా చాలు.

1983లో అమెరికా శిక్షకుడు జెఫ్ కూపర్ కొందరు నిపుణులను కూర్చోబెట్టి, అన్ని పనులకూ పనికొచ్చే తేలిక రైఫిలుకు కొలతలు గీశారు. బరువు 3 కిలోలు, పొడవు ఒక మీటరు లోపు, తూటా మధ్యరకం .308. ఆ తర్వాత కెవ్లార్, కార్బన్ పీచు మడమలతో రెండున్నర కిలోల రైఫిళ్లూ మార్కెట్లోకి వచ్చాయి. వాటిని చేతిలోకి తీసుకోగానే ముచ్చటేస్తుంది. పెద్ద తూటా వేసి కాలిస్తే ఆ ముచ్చట నిలవదు. చాలామంది కొనేవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే: ముందు శక్తిమంతమైన తూటాను కోరుకుంటారు, తరువాత దానికి అతి తేలికైన రైఫిలును వెతుకుతారు.

మూతికి బిగించే బ్రేక్ మరో దారి. అది వాయువులను పక్కలకూ వెనక్కూ మళ్లించి తన్నును బాగా తగ్గిస్తుంది, కానీ ఆ చప్పుడంతా కాల్చేవాడి చెవులకే చేరుతుంది. రైఫిలు మీది దూరదర్శినికి కన్ను మరీ దగ్గరగా పెడితే తన్నులో దాని అంచు కనుబొమను చీలుస్తుంది. అన్నిటికంటే మొండి జబ్బు ఉలికిపాటు. తన్ను వస్తుందని ముందే తెలిసిన ఒళ్లు, మీట నొక్కే క్షణంలో బిగుసుకుని కళ్లు మూయిస్తుంది, గురి జారుతుంది. దీనికి మందు ఖాళీ తుపాకితో సాధన, ఆ తర్వాత .22తో సాధన. .22 తన్ను ఒక్క జౌలు కూడా ఉండదు.

మన దేశంలో రైఫిలు వేట జీవితం 1972తో ముగిసింది. ఆ ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆండర్సన్ 1974లో కన్నుమూశారు. ఇప్పుడు అదే జిల్లాలో, మధుగిరి తాలూకా మైదేనహళ్లి గడ్డిమైదానంలో కృష్ణజింకలకు జయమంగలి సంరక్షణ కేంద్రం ఉంది. నాగలమడిక చుట్టుపక్కల వేరుశనగ చేలకు అడవిపందుల బెడద ఉంది. పంట కాపుదలకు 1959 ఆయుధాల చట్టం పేర్కొన్నది మూతి నుంచి మందు కూరే తుపాకిని, అదీ లైసెన్సుతోనే. లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును చంపే హక్కు రాదు, అందుకు అటవీశాఖ అనుమతి వేరే కావాలి. పంట పోయిన రైతు తుపాకి జోలికి వెళ్లకుండా ముందు అటవీశాఖ దగ్గరకు వెళ్లి పరిహారం అడగాలి.

రైఫిలు మీద ఇష్టం ఉన్న యువతకు షూటింగ్ రేంజిలు ఉన్నాయి. అక్కడ చేరేవారు తూటాను చిన్నదిగా ఎంచుకోండి, మడమ పొడవు మీ చేతికి సరిపడేలా చూసుకోండి, బరువు తగ్గించే ఆలోచన చివరికి పెట్టుకోండి. చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకండి: తుపాకి మోతకు చచ్చిపోయిన లోచెవి కణాలు మనిషిలో మళ్లీ పుట్టవు.