క్రియాటినిన్ చెప్పని మాట

శ్రీముఖలింగం చెంత పారే వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఉద్దానం పల్లెలకు చేర్చే పథకమూ, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రీ 2023 డిసెంబరు 14న ఒకేరోజు ప్రారంభమయ్యాయంటే శ్రీకాకుళం జిల్లాను కిడ్నీ జబ్బు ఎంతగా కుంగదీసిందో అర్థమవుతుంది. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాల కొబ్బరి, జీడి తోటల పల్లెల్లో పరీక్షించినవారిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. వారిలో ఎక్కువమందికి మధుమేహం వంటి తెలిసిన కారణమేదీ కనిపించలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇటువంటి వ్యాధే ఉంది.

ఈ జబ్బు నొప్పి లేకుండా ముదురుతుంది. దాన్ని పట్టుకోవడానికి వాడే క్రియాటినిన్ అనేది కండరాల నుంచి వచ్చే వ్యర్థ పదార్థం కాగా, కిడ్నీల వడపోత శక్తి దాదాపు సగం పోయేదాకా రక్తంలో దాని మోతాదు స్పష్టంగా పెరగకపోవచ్చు. అరవై ఏళ్ల స్త్రీకి డెసిలీటరు రక్తంలో 1.2 మిల్లీగ్రాములు వస్తే, చూడటానికి పెద్ద అంకె కాదు. వయసును కలిపి లెక్క కడితే మాత్రం ఆమె వడపోత శక్తి నిమిషానికి సుమారు 52 మిల్లీలీటర్లకు పడిపోయిందని, అంటే వ్యాధిని అనుమానించే 60 గీత కిందికి చేరిందని తేలుతుంది. మూత్రంలో ప్రొటీన్ చూసే పట్టీ కూడా ఇక్కడ అంతగా అక్కరకు రాదు, ఎందుకంటే ఈ వ్యాధి ముందుగా దెబ్బతీసేది వడపోత గుచ్ఛాలను కాదు, వాటి తరువాత ఉండే సన్నని నాళికలను.

జీవసాంకేతికత చూపు ఆ నాళికల మీదే ఉంది. నాళికా కణం గాయపడితే కిమ్-1 అనే ప్రొటీన్‌ను తయారుచేసి మూత్రంలోకి వదులుతుంది. ప్రయోగశాలలో తయారైన యాంటీబాడీ, అంటే ఒక్క ఆ ప్రొటీన్‌నే గుర్తుపట్టి అంటుకునే అణువు, దాన్ని పట్టుకోగా, రంగు మారే తీరునుబట్టి ఎలైజా పరీక్ష దాని మోతాదు చెబుతుంది. గర్భ నిర్ధారణ పట్టీ మీద గీత కనిపించేది కూడా ఈ సూత్రంతోనే. కండబలంతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్-సి అనే మరో ప్రొటీన్, బక్కపలచని కూలీల వడపోత శక్తిని అంచనా కట్టడంలో క్రియాటినిన్ కంటే నమ్మదగినది. అయితే నాళికల గాయాన్ని చూపే ఎన్‌గాల్ వంటి సూచికలు మూత్రనాళ ఇన్ఫెక్షన్‌లోనూ పెరుగుతాయి కనుక, ఒక్క పరీక్షతో తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది.

ఈ పరీక్షలు పల్లె ఆరోగ్య కేంద్రానికి వచ్చేలోగా, ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉన్నవారు ఏడాదికోసారి క్రియాటినిన్ చూపించుకుని, అంకె బాగానే ఉందని కాగితం మడిచి పెట్టేయకుండా వడపోత శక్తి ఎంతో లెక్క కట్టమని వైద్యుణ్ణి అడగాలి. కిడ్నీలకు చేటు చేయగల ఒళ్లు నొప్పుల మాత్రలను సొంతంగా కొని మింగకూడదు.