గుట్టు తెలిసినా గట్టెక్కని ఏప్రిల్

1942 ఏప్రిల్ 6, సోమవారం. ర్యూజో అనే చిన్న జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే రోజు మన తీరం పొడవునా కాపలా లేకుండా పోతున్న సరుకు ఓడలను జపాను క్రూయిజర్లు వరసపెట్టి ముంచాయి. విశాఖ రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లైనా నిండలేదు. రాయపూర్-విజయనగరం రైలు మార్గం మీద దిగివచ్చే మాంగనీసు ఎగుమతి కోసమే ప్రధానంగా 1933లో దాన్ని తెరిచారు. గరివిడి చుట్టుపక్కల వాళ్లకు మాంగనీసు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దేశంలో ఆ ఖనిజాన్ని మొదట తవ్వింది 1892లో ఈ విజయనగరం ప్రాంతంలోనే. మాంగనీసు లేనిదే గట్టి ఉక్కు లేదు, ఉక్కు లేనిదే యుద్ధమూ లేదు. ఇంత విలువైన తీరం మీద పట్టపగలు దాడి జరిగే నాటికి, జపాను నౌకాదళం పంపుకునే రహస్య సందేశాలను మిత్రదేశాలు కొంతమేర చదువుతూనే ఉన్నాయి. కోడ్ విప్పినవాళ్లే యుద్ధం గెలిపించారనే మాట ఎంతవరకు నిజమో చూడాలంటే ఈ ఏప్రిల్‌ను మించిన పరీక్ష లేదు.

జేఎన్-25 అని మిత్రదేశాలు పేరు పెట్టిన ఆ కోడ్‌లో ఒక్కో మాటకు పుస్తకంలో ఒక అయిదంకెల సంఖ్య ఉండేది. దానికి వేరే పట్టికలోని ఇంకో సంఖ్య కలిపి, వచ్చినదాన్ని వైర్‌లెస్‌లో పంపేవారు. వేలాది సందేశాలను పక్కపక్కన పెట్టి, కలిపిన సంఖ్యను ముందు తీసేసి, ఆ తర్వాతే అసలు మాటను ఊహించాలి. కాబట్టి చేతికొచ్చేది ఎప్పుడూ పూర్తి ఉత్తరం కాదు, చిరుగుల కాగితమే. సింగపూర్ పడిపోకముందే అక్కణ్నుంచి కొలంబో చేరుకున్న బ్రిటిష్ బృందానికి, సింహళం మీద విమానవాహక నౌకల దాడి ఏప్రిల్ 1 ప్రాంతంలో జరగబోతోందని మార్చి నెలాఖరుకి అర్థమైంది. బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ నౌకల్ని పోగేసి దక్షిణాన కాచుకున్నాడు. రెండో తేదీ వచ్చినా శత్రువు జాడ లేదు. నీళ్లు, ఇంధనం కోసం మాల్దీవుల్లోని అడ్డూ దీవికి వెళ్లాడు. డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ క్రూయిజర్లను కొలంబోకి, హెర్మిస్ విమానవాహక నౌకను ట్రింకోమలికి తిప్పి పంపాడు. జపాను వాళ్లు వచ్చింది అయిదున, ఈస్టర్ ఆదివారం. ఆ క్రూయిజర్లు రెండూ అదే రోజు మునిగి 424 మంది పోయారు. తొమ్మిదో తేదీన హెర్మిస్ కూడా మునిగింది.

మరి ముందు తెలిసి ఏం లాభం అని ఎవరైనా అడగొచ్చు. లాభం ఉంది. కొలంబో రేవులోని ఓడల్లో చాలావాటిని ముందే బయటికి పంపేశారు. గస్తీలో ఉన్న కెటాలీనా విమానం నాలుగో తేదీనే శత్రు నౌకల్ని కనిపెట్టింది. వాటిని ఎక్కడ వెతకాలో తెలియకపోతే గస్తీ అటు వెళ్లేదే కాదు. అన్నిటికంటే ముఖ్యం, సోమర్‌విల్ తన పాత యుద్ధనౌకల్ని జపాను విమానాల నోటికి అందించలేదు. తర్వాత నౌకాదళంలో కొంత భాగం ఆఫ్రికా తీరంలోని కిలిండినికి తరలింది, కోడ్ విప్పే బృందమూ వెంట వెళ్లింది. అయితే ఇదంతా దాక్కోవడానికి, తప్పుకోవడానికి పనికొచ్చిన తెలివి. విశాఖకు అదీ దక్కలేదు. అక్కడున్నవి పాతకాలపు గస్తీ విమానాలే. దాడి వేళ గంటతో సహా తెలిసినా వాటితో చేయగలిగింది ఏమీ లేదు. తుపాను కబురు ఎంత కచ్చితంగా అందినా, గట్టి ఇల్లు లేనివాడికి అది పారిపొమ్మన్న కబురే కదా. జనం అదే చేశారు, విశాఖ చాలావరకు ఖాళీ అయింది. ఆ నెలలోనే మద్రాసు ప్రభుత్వ కార్యాలయాలు లోపలి పట్టణాలకు తరలిపోయాయి, రానే రాని దండుకు భయపడి. యుద్ధకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా వాల్తేరు వదిలి గుంటూరు చేరింది.

రెండు నెలల తర్వాత అదే కోడ్ మరో ఫలితం ఇచ్చింది. జపాను ఏప్రిల్‌లో మార్చాల్సిన కోడ్ పుస్తకాన్ని మే చివరిదాకా మార్చలేకపోయింది. ఆ వ్యవధిలో హవాయిలోని అమెరికా నౌకాదళపు రోష్‌ఫర్ట్ బృందం జపాను సందేశాల్లోని ‘ఏఎఫ్’ అనే గుర్తు మిడ్‌వే దీవిదే అయ్యుంటుందని అనుమానించింది. మంచినీటి యంత్రం చెడిందని మిడ్‌వే చేత మామూలు భాషలో కబురు పంపించారు. ఏఎఫ్‌లో నీటికి కరువట అని జపాను సందేశం రావడంతో అనుమానం తీరింది. జూన్ 4న మిడ్‌వే పోరులో దెబ్బతిని మునిగిన నాలుగు జపాను విమానవాహక నౌకల్లో అకాగి, సోర్యూ, హిర్యూ మూడూ సింహళం మీద దాడి చేసినవే. మన బంగాళాఖాతంలో ఓడల్ని ముంచిన మికుమా క్రూయిజర్ జూన్ 6న మునిగింది. ఇక్కడ తేడా తెలివిలో లేదు. అమెరికా అడ్మిరల్ నిమిట్జ్ చేతిలో మూడు విమానవాహక నౌకలు, దీవి మీద విమానాలు ఉన్నాయి. తెలిసినదాన్ని దెబ్బగా మార్చే బలం ఆయనకుంది, సోమర్‌విల్‌కు లేదు.

ఢిల్లీ కథా ఇంతే. ఆనంద్ పర్బత్ మీది వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్ 1943లో, బ్రిస్బేన్‌లోని మిత్రదేశాల బృందంతో పాటు, జపాను సైన్యపు జలరవాణా కోడ్‌ను విప్పింది. సైన్యాన్ని, తిండిని మోసే జపాను ఓడలు ఎప్పుడు ఎక్కడుంటాయో ఆ కోడ్ చెప్పేది. కానీ వాటిని ముంచడానికి జలాంతర్గాములు, విమానాలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టే ఆ కబురుకు విలువ వచ్చింది. 1944లో ఇంఫాల్ మీద జపాను దాడి రానుందని బ్రిటిష్ జనరల్ స్లిమ్‌కు తెలుసు. తేదీ దగ్గర, కోహిమా మీదికొచ్చే సేన లెక్క దగ్గర పొరబడ్డాడు. అయినా నిలబడ్డాడంటే, విమానాల్లో సరుకులు దించుకోగల సత్తా ఉండబట్టే.

కోడ్ విప్పడం వల్లే యుద్ధం రెండేళ్లు ముందుగా ముగిసిందని వాదించేవాళ్లున్నారు. అట్లాంటిక్ జలాంతర్గాముల పోరులో దాని పాత్రను నేనూ కాదనను. కానీ ఈ లెక్కలన్నీ 1970ల నుంచి బయటికొచ్చిన రహస్య పత్రాల మీద నిలబడినవి. సేనానులకు ఏ కబురు ఎప్పుడు అందిందో వాటిలో ఉంటుంది. ఏ కబురూ అందకుండా బాంబుల కింద నిలబడ్డవాళ్ల మాట ఉండదు. అందుకే ఆ చరిత్ర కోడ్ విప్పినవాళ్ల వైపే ఒరిగింది. విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా ఆ ఏప్రిల్‌ను చిన్నతనంలో చూసినవాళ్లు ఇప్పటికి తొంభైకి అటూ ఇటూ ఉంటారు. మీ ఇంట అలాంటి పెద్దవాళ్లుంటే, వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఈ వేసవిలోనే రాసిపెట్టండి.