ఇరవై ఏడుగురు కూర్చున్న గది

బాన్ నుంచి బాద్ మ్యున్‌స్టరైఫెల్ వెళ్లే రైలు ఒయిస్కిర్షెన్ దాటాక కొండల వైపు తిరుగుతుంది. ఊరి చుట్టూ పాత కోటగోడ, నడిమధ్య ఎర్ఫ్ట్ అనే చిన్న ఏరు, ఏటిగట్టున దూలాలు బయటికి కనపడే పాతకాలపు ఇళ్లు. 2021 జులై వరదలో ఈ ఏరే ఊరిని అతలాకుతలం చేసింది. జనం ఇక్కడికి సరదాగా తిరగడానికి వస్తారు. నేను మాత్రం నేను పుట్టకముందు ఇక్కడ జరిగిన ఒక సమావేశం కోసం వెళ్లాను.

1973 ఏప్రిల్ 19న ఈ ఊళ్లో 27 మంది పోర్చుగీసువాళ్లు కూర్చుని, ఒక పార్టీ పెట్టాలా వద్దా అని వాదించుకున్నారు. వాళ్ల దేశంలో అలా కూర్చుంటే జైలే. 1926లో సైన్యం గద్దెనెక్కింది మొదలు అక్కడ నియంతృత్వమే. ముందు సలజార్, ఆయన తర్వాత కయెతాను. నలుగురు ఒకచోట చేరితే రహస్య పోలీసులకు తెలిసిపోయేది. వీళ్ల నాయకుడు మారియో సోరెస్ లాయరు. ఎన్నోసార్లు జైలుకెళ్లి, ఆఫ్రికా పక్కనున్న సావో టోమే దీవిలో ప్రవాసశిక్ష అనుభవించి, చివరికి పారిస్‌లో తలదాచుకున్న మనిషి. వీళ్లకు కూర్చోడానికి చోటు ఇచ్చింది జర్మనీలోని ఫ్రీడ్‌రిష్ ఎబర్ట్ ఫౌండేషన్. ఓట్లు లెక్కిస్తే 20 మంది పార్టీ పెడదామన్నారు, ఏడుగురు వద్దన్నారు.

చోటు అనగానే నాకు మా నాన్న గుర్తొస్తారు. చీరాలలో మాకు రెండు మగ్గాలు. మజూరీ పెంచమని షావుకార్లను అడగాలంటే ముందు నేతవాళ్లంతా ఒక మాట మీదికి రావాలి. ఎక్కడ కూర్చుని మాట్లాడుకుంటారు? గుడి మంటపంలో కూర్చుంటే ఆ సాయంత్రానికే షావుకార్లకు తెలిసేది. టీకొట్టు దగ్గర అసలు కుదరదు. ఆఖరికి సొసైటీ ఆఫీసు వెనకాల నూలు నిలవ చేసే గది దొరికింది. నూలు మూటల మీద కూర్చుని అర్ధరాత్రి దాకా అరుచుకునేవాళ్లు. నేను నాన్న ఒళ్లో నిద్రపోయేదాన్ని. "ముందు కూర్చోడానికి చోటు చూడండ్రా, గెలుపు సంగతి తర్వాత" అనేవారు నాన్న. ఉద్యోగం కోసం బాన్ వచ్చాక, రోజూ ట్రామ్‌లోంచి కనపడే ఎబర్ట్ ఫౌండేషన్ భవనం ఏం చేస్తుందో తెలుసుకున్నప్పుడు, నాకు ముందుగా ఆ నూలు వాసనే వచ్చింది.

ఎబర్ట్ దర్జీ కొడుకు. 1871లో హైడెల్‌బర్గ్‌లో పుట్టి, గుర్రపు జీనులు కుట్టే పని నేర్చుకుని, కార్మిక సంఘంలో ఎదిగి, 1919లో జర్మన్ రిపబ్లిక్‌కు మొదటి అధ్యక్షుడయ్యాడు. 1925 ఫిబ్రవరి 28న చనిపోయాడు. ఆయన పేరుతో ఆ ఏడాదే మొదలైన ఫౌండేషన్ తొలి పని, యూనివర్సిటీ గడప తొక్కలేని కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్పులివ్వడం. 1933లో నాజీలు దాన్ని మూసేశారు. యుద్ధం ముగిశాక మళ్లీ లేచింది.

ఇలాంటి ఫౌండేషన్ జర్మనీలో ఒక్కటే కాదు. సోషల్ డెమోక్రాట్లకు ఎబర్ట్ ఉన్నట్టే క్రిస్టియన్ డెమోక్రాట్లకు కోన్రాడ్ అడెనావర్, లిబరల్స్‌కు నౌమన్, బవేరియా పార్టీకి హాన్స్ జైడెల్, గ్రీన్స్‌కు హైన్‌రిష్ బ్యోల్, వామపక్షానికి రోజా లక్సెంబర్గ్. వీటి డబ్బులో చాలా భాగం ప్రభుత్వ ఖజానాదే, అంటే పన్ను కట్టే నాలాంటివాళ్లది. ఫౌండేషన్ పార్టీకి దగ్గరైనా పార్టీ జేబుసంస్థ కాకూడదు, ఎన్నికల ప్రచారానికి ఆ డబ్బు వాడకూడదు. 1986లో రాజ్యాంగ న్యాయస్థానం ఈ ఏర్పాటును ఒప్పుకున్నది ఆ స్వతంత్రతను చూసే. పార్లమెంటులోకి వచ్చిన కొత్త కుడిపక్ష పార్టీకి దగ్గరైన ఫౌండేషన్‌కు డబ్బు ఇవ్వకపోతే, అలా కాదు, ముందు చట్టం చెయ్యండని 2023లో అదే కోర్టు చెప్పింది. చట్టం ఆ ఏడాదే వచ్చింది.

ఒక సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. 1919 జనవరిలో రోజా లక్సెంబర్గ్‌ను సైనిక దళాలవాళ్లు చంపినప్పుడు అధికారంలో ఉన్నది ఎబర్ట్ ప్రభుత్వమే. ఈరోజు ఆయన పేరుతో ఉన్న సంస్థకూ ఆమె పేరుతో ఉన్న సంస్థకూ డబ్బు ఒకే ఖజానా నుంచి వెళుతుంది. ఇంత పెద్ద గాయాన్ని దాచకుండా రెండు పేర్లనూ పక్కపక్కనే నిలబెట్టిన దేశం బయటివాళ్లకు ప్రజాస్వామ్యం గురించి మాట్లాడితే నేను చెవిపెట్టి వింటాను.

అయినా పోర్చుగీసువాళ్లకు చోటు ఇచ్చే పని ప్రభుత్వమే నేరుగా చెయ్యొచ్చుగా? చెయ్యలేదు. 1973లో పశ్చిమ జర్మనీ, పోర్చుగల్ రెండూ నాటో కూటమిలో మిత్రదేశాలు. చాన్సలర్ విల్లీ బ్రాంట్ మనసు ఎటున్నా, మిత్రదేశపు ప్రభుత్వాన్ని కూలదోయాలనుకునేవాళ్లకు ఆయన ప్రభుత్వం భోజనం పెట్టి పడక చూపించలేదు. రాయబార కార్యాలయం ఎప్పుడూ అవతలి ప్రభుత్వంతోనే మాట్లాడాలి. ఫౌండేషన్‌కు ఆ బంధం లేదు. అది యూనియన్ నాయకుడితో, పత్రికలవాడితో, అజ్ఞాతంలో ఉన్నవాడితో కూడా మాట్లాడగలదు.

ఏడాది తిరిగింది. 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో సైనికులే నియంతృత్వాన్ని కూల్చారు, వాళ్ల తుపాకీ గొట్టాల్లో జనం కార్నేషన్ పూలు పెట్టారు. ఆ రోజు సోరెస్ బాన్‌లో ఉన్నారు. మూడు రోజుల తర్వాత పారిస్ రైల్లో లిస్బన్ చేరితే స్టేషన్ జనంతో నిండిపోయింది. ఫౌండేషన్ అప్పుడు డబ్బుతోనూ, కార్యకర్తల శిక్షణతోనూ సోషలిస్టు పార్టీ వెనక నిలబడింది. సరిగ్గా ఏడాదికి, 1975 ఏప్రిల్ 25న జరిగిన ఎన్నికలో 90 శాతానికి పైగా ఓటర్లు వచ్చారు, సోషలిస్టులు దాదాపు 38 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచారు. అది జరిగిన రెండు నెలలకే మన దేశంలో ఎమర్జెన్సీ వచ్చింది.

మనకు సంబంధించిన ముక్క ఇంకొకటుంది. 1961లో గోవా మనదైనా సలజార్ ఒప్పుకోలేదు, కయెతానూ ఒప్పుకోలేదు. పదమూడేళ్లు అలాగే నడిచింది. 1974 డిసెంబర్ 31న ఢిల్లీలో, గోవా, డామన్, డయ్యూ, దాద్రా నగర్ హవేలీలపై భారత్ అధికారాన్ని గుర్తిస్తూ పోర్చుగల్ తరఫున సంతకం పెట్టిన విదేశాంగ మంత్రి మారియో సోరెసే.

ఇంత చెప్పాక నన్ను కుదురుగా ఉండనివ్వని ప్రశ్న కూడా చెప్పాలి. పరాయి దేశపు డబ్బు తీసుకుని ఒక పార్టీ ఎదగడం న్యాయమేనా? మన దగ్గర అది నేరం. 1976లో వచ్చి 2010లో మారిన విదేశీ విరాళాల చట్టం ప్రకారం పార్టీలూ అభ్యర్థులూ విదేశీ సొమ్ము ముట్టుకోకూడదు. ఆ నిషేధం సరైనదనే నా నమ్మకం. ఓటు వేసే హక్కున్న దేశంలో పార్టీని పోషించాల్సింది ఆ దేశపు జనమే. 1973 నాటి పోర్చుగల్‌లో జనానికి ఆ దారే లేదు. పెట్టెలో వేసే ఓటుకు విలువ లేనిచోట గది ఇవ్వడం ఒక సంగతి, ఓట్లు మొదలయ్యాక కూడా ఒక పక్షానికి డబ్బు పంపుతూ పోవడం వేరే సంగతి. ఎబర్ట్ ఫౌండేషన్ అక్కడ రెండూ చేసింది. మొదటిదానికి చేతులెత్తి దండం పెడతాను. రెండోదాన్ని సమర్థించడానికి నాకు మనసొప్పదు, అప్పటి పరిస్థితి ఎంత సున్నితమైనదైనా సరే.

ఇప్పుడు ఆ సంస్థ వందకు పైగా దేశాల్లో పనిచేస్తోంది. పని మామూలుగానే ఉంటుంది. యూనియన్లకు శిక్షణ, కూలి రేట్ల మీద అధ్యయనాలు, ఆడవాళ్ల పని హక్కుల మీద సదస్సులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోని పక్షాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం. ఢిల్లీలోనూ ఆఫీసుంది. ఈ మామూలు పనికే భయపడే ప్రభుత్వాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో రష్యా ఆమ్నెస్టీ, హ్యూమన్ రైట్స్ వాచ్‌లతో పాటు ఎబర్ట్ ఫౌండేషన్ రిజిస్ట్రేషన్ కూడా రద్దు చేసింది.

ఊరి నుంచి తిరిగొచ్చిన రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. గోవా సంగతి విని సంతోషించారు. కాసేపు ఆగి, "అమ్మాయ్, వద్దన్న ఆ ఏడుగురూ ఏమయ్యారు?" అన్నారు. ఇంత చదివిన నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. వెతికితే తెలిసింది, వద్దన్నవాళ్లలో సోరెస్ భార్య మరియా బరోసో ఒకరు. నాటకాల నటి, ప్రభుత్వాన్ని వ్యతిరేకించినందుకు రంగస్థలానికి దూరమైన మనిషి. దేశంలోనే ఉండి పోరాడుతున్నవాళ్లు ఇంకా సమయం కాలేదని చెప్పి పంపితే, భర్త ఎదుటే వాళ్ల మాటకు కట్టుబడి ఓటు వేసింది. ఓడిపోయాక అదే పార్టీలో ఉండి, తర్వాత పార్లమెంటు సభ్యురాలైంది.

మర్నాడు ఆ మాట చెప్పినప్పుడు నాన్న చాలాసేపు నవ్వుతూనే ఉన్నారు. నూలు గదిలో ఆయనకు ఎదురు ఓటు వేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు.