కారం జాడీలో రాయి

మీ ఇంట్లో కారం ఎప్పుడు దంచుతారు? కూర వండిన ప్రతిసారీ దంచరు కదా! ఏడాదికి సరిపడా ఒక్కసారే దంచి, జాడీలో పోసి, మూత గట్టిగా బిగిస్తారు. కావలసినప్పుడల్లా చెంచాడు తీసి వేసుకుంటారు.

కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా సరిగ్గా ఇదే చేస్తారు. మళ్ళీ మళ్ళీ అవసరమయ్యే చిన్న చిన్న ఆదేశాల ముక్కలను ఒకసారి రాసి దాచుకుంటారు. ఈ అలవాటు చాలా పాతది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949లో ఎడ్సాక్ అనే కంప్యూటరు పనిచేయటం మొదలుపెట్టింది. మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అనే ముగ్గురు దానికోసం ఇలాంటి ముక్కలను కాగితపు టేపుల మీద రంధ్రాలుగా పొడిపించి, ఒక భాండాగారంగా అమర్చారు. 1951లో వాటి గురించి పుస్తకమే రాశారు.

అలాంటి ముక్క ఒకటి మనమూ తయారుచేద్దామా? అకారాది క్రమంలో 1000 పేర్లున్న జాబితాలో ఒక పేరు వెతకాలి. మొదటినుంచి చదువుకుంటూ పోతే 1000 పేర్లూ చూడవలసి రావచ్చు. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మీరలా చేయరు. మధ్యలో తెరుస్తారు. మీ మాట అక్కడికి ముందుంటే వెనక సగం వదిలేస్తారు. ఇదిగో ఆ పద్ధతి:

1. ఎడమ = 1, కుడి = 1000 అనుకోండి.
2. మధ్య = (ఎడమ + కుడి) ÷ 2. భిన్నం వస్తే వదిలేయండి.
3. మధ్యనున్న పేరు మీదే అయితే ఆగండి. మీ పేరు దానికి ముందుదైతే కుడి = మధ్య − 1. తరువాతదైతే ఎడమ = మధ్య + 1.
4. ఎడమ అంకె కుడి అంకెను మించితే ఆ పేరు జాబితాలో లేదు. మించకపోతే మళ్ళీ 2వ మెట్టుకు వెళ్ళండి.

1000 పేర్లకు మహా అయితే 10 సార్లు చూస్తే చాలు. 100 కోట్ల పేర్లకైనా 30 సార్లే! సగం చేయటంలోని మహిమ అది.

ఇందులో తప్పేమైనా కనిపించిందా? లేదు కదూ! అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లకు కూడా ఏళ్ళ తరబడి కనిపించలేదు. తప్పు 2వ మెట్టులో దాగి ఉంది.

కంప్యూటరు అంకెలను కొలత గల గడులలో ఉంచుతుంది. 32 బిట్ల గడిలో, రుణసంఖ్యలకు కూడా చోటిస్తే, పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. అంటే సుమారు 214 కోట్లు. ఎడమ 120 కోట్లు, కుడి 140 కోట్లు అనుకుందాం. రెండూ గడిలో పడతాయి. కాని కూడితే 260 కోట్లు! గడి పొంగిపోతుంది. 99999 దాటిన మీటరు మళ్ళీ 00000కు తిరిగినట్లు, ఈ గడి రుణసంఖ్యల వైపు తిరిగిపోతుంది. ఎన్నో పేరు చూడాలంటే "రుణం 84 కోట్ల చిల్లరో పేరు" అని జవాబు వస్తుంది. అలాంటి పేరు ఎక్కడుంటుంది?

జావా భాషతోపాటు అందరికీ ఇచ్చే భాండాగారంలోని ముక్కలో ఈ తప్పు సుమారు 9 ఏళ్ళు ఉండిపోయింది. దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో ఆ సంగతి తానే బయటపెట్టాడు. జాబితాలు చిన్నవిగా ఉన్నంతకాలం ఆ తప్పు బయటపడలేదు. జాడీలో రాయి పడితే ఒక్క కూర కాదు, అన్ని కూరలూ పంటికింద కరకరమంటాయి!

మందు చాలా తేలిక. మధ్య = ఎడమ + (కుడి − ఎడమ) ÷ 2 అని రాస్తే చాలు. 140 నుంచి 120 తీసేస్తే 20. అందులో సగం 10. దానికి 120 కలిపితే 130 కోట్లు. గడి ఎక్కడా పొంగలేదు.

కనుక మీరు కూడా ఇలాంటి ముక్కలకు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతి ముక్క పక్కనా అది ఏ పనికి, ఎంత పెద్ద సంఖ్య వరకు పనికివస్తుందో రాయండి. పుస్తకంలోకి ఎక్కించే ముందు అయిదు పరీక్షలు పెట్టండి: ఖాళీ జాబితా, ఒకే పేరున్న జాబితా, మొదటి పేరు, చివరి పేరు, అసలు లేని పేరు. ఆరవ పరీక్ష, ఎడమ, కుడి కూడితే గడి పొంగిపోయేంత పెద్ద జాబితా. ఆ ఆరవదాన్ని మరచిపోవటం వల్లనే అంతటివాళ్ళూ పొరబడ్డారు.

ఇప్పుడు మీ తరగతి హాజరుపట్టీలోని పేర్లను అకారాది క్రమంలో రాసి, పై మెట్ల ప్రకారం మీ పేరు వెతకండి. ఎన్నిసార్లలో దొరికింది?