విడుదల కాని నా సినిమా

మా బాలాపూర్ గణపతి లడ్డూ సంగతి మీకు తెలియంది కాదు. 1994లో మొదటిసారి వేలం వేస్తే పలికింది 450 రూపాయలు. 2025లో 35 లక్షలు! ఆ ఏడు నిమజ్జనం నాటి పొద్దున నేనూ గుంపులో నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన నిట్టూర్చాడు.

"ఆనాడు నేను అయిదొందలని ఒక్క మాటంటే అయిపోయేది గదా బిడ్డా!"

నవ్వొచ్చింది. ఆ వెంటనే గుండెలో కలుక్కుమంది. ఎందుకంటారా? 1994లో నేనూ చెయ్యి ఎత్తలేదు. లడ్డూకి కాదు లెండి, సినిమాకి!

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. సినిమా పిచ్చి అంతా ఇంతా కాదు. ఓ మిత్రుడి బాబాయి స్టూడియోలో లైట్‌బాయ్. "కెమెరా దగ్గర కుర్రాడు కావాలంటున్నరు, సోమవారం రా" అన్నాడు. నేను వెళ్లలేదు. నాన్న మంచాన పడ్డాడు. కిరాణా కొట్టు తీసే దిక్కు లేదు.

అంతే! అప్పట్నుంచీ ప్రతి సినిమా టైటిల్స్‌లో నా పేరు వెతుక్కుంటూనే ఉన్నాను. లోలోపల నాన్నను తిట్టుకున్నాను కూడా.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. అమెరికా మానసిక శాస్త్రవేత్తలు గిలోవిచ్, మెడ్వెక్ ఆ 1994లోనే ఓ పరిశోధన ప్రకటించారు. చేసిన తప్పులు కొత్తలో ఎక్కువ బాధిస్తాయట. ఏళ్లు గడిచాక వేధించేవి మాత్రం చెయ్యకుండా వదిలేసినవి! చేసిన పనికి ఫలితం కళ్లముందుంటుంది. చెయ్యనిదాన్ని ఎంత గొప్పగానైనా ఊహించుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే, విడుదల కాని సినిమా ఎన్నడూ ఫ్లాప్ కాదు! నా ఊహల్లో నేను పెద్ద ఛాయాగ్రాహకుణ్ణి. రెండు నెలలకే ఇంటికి పారిపోయి వచ్చిన కుర్రాడిగా ఒక్కసారైనా ఊహించుకున్నానా?

1953 నాటి 'దేవదాసు' తలచుకోండి. తండ్రికి ఎదురు నిలవలేకపోవడం కొద్దిరోజుల పిరికితనం. దాన్నే తవ్వుకుంటూ తాగి పాడు చేసుకున్నది మిగిలిన జీవితమంతా. పశ్చాత్తాపం పాఠమైతే మంచిదే. మత్తయితేనే ప్రమాదం.

ఆ పెద్దాయన్ని అడిగాను: "కాకా, ఆనాడు 450 అంటే ఎంత?"

"అబ్బో! ఇంట్ల నెల బియ్యమొస్తుండె."

కళ్లు తెరుచుకున్నాయి. ఆయన 35 లక్షల కళ్లతో 450ని చూస్తున్నాడు. నేను చేసిందీ అదే. ఆ సోమవారం నా ముందున్నది వెండితెర కాదు, మంచంలో దగ్గుతున్న నాన్న. ఆ తర్వాత ఆయన బతికింది ఏడాదే. ఆ ఏడాదంతా పక్కనే ఉన్నాను. ఆ సినిమా మాత్రం విడుదలైంది!

మొన్న మళ్లీ మొదటాటకి వెళ్లాను. టైటిల్స్‌లో నా పేరు వెతకలేదు. హాయిగా కథ చూశాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చెయ్యి ఎత్తే వీలున్నప్పుడు ఎత్తండి. ఎత్తలేకపోయారా, ఆనాటి మిమ్మల్ని ఈనాటి ధరతో తూచకండి. ఏమంటారు?