బందూకు కాని బందూకు

మన కళాశాల వరండాలో రెండు భాషలు ప్రక్క ప్రక్కనే వినబడుచుండును. ఒకరు 'తుపాకి' అందురు. మరియొకరు 'బందూఖ్' అందురు. తుపాకి అను మాట తుర్కీ భాషనుండి బయలుదేరి మనకు చేరినది. బందూఖ్ అను మాటకు మూలము అరబ్బీలోని 'బుందుఖ్'. దాని మొదటి అర్థము ఆయుధము కాదు. గుండ్రని చిన్న గింజ. ఆ గింజవంటి మట్టి ఉండలను వింటితో విసరిన కాలమున ఆ ఉండకు ఆ పేరు వచ్చినది. పిదప మందుగుండుతో ప్రేల్చు ఆయుధమునకు అదే పేరు అంటుకొన్నది. నేడు లోకములో చాల దేశముల యువకులు ఆడుచున్న ఎయిర్‌సాఫ్ట్ అను క్రీడలో ఆ మాట మరల తన పుట్టింటికి చేరినదనవచ్చును. ఇందు మందు లేదు, మంట లేదు. గాలి ఒత్తిడితో ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గింజను విసరు ప్రతిరూప తుపాకి మాత్రమే గలదు.

ఈ విషయము నేను వ్రాయుటకు ఒక కారణము గలదు. గత వార్షికోత్సవ నాటకమునకై మా విద్యార్థులు ఒక కొయ్య రైఫిలు చేయించిరి. వడ్రంగి పనితనము గొప్పది. దానికి వేసిన నల్లరంగు ఎంత చక్కగా కుదిరినదనగా, ప్రదర్శన నాడు ముందు వరుసలోని పెద్దలు సైతము అది నిజమైనదే అనుకొనిరి. అందరము మెచ్చుకొంటిమి. ఆ రాత్రి దానిని సైకిలు వెనుక కట్టుకొని ఇంటికి పోవుచున్న విద్యార్థిని గస్తీ పోలీసులు ఆపిరి. వారు మర్యాదగనే అడిగిరి. అతడును మర్యాదగనే చెప్పెను. అయినను అది కొయ్య అని రుజువగువరకు అతడు వీధి దీపము క్రింద చేతులెత్తి నిలువవలసి వచ్చినది. మేమిచ్చిన మెప్పే అతనికి ముప్పు తెచ్చినది. మరునాడు అతడు ప్రయోగశాలకు వచ్చి, "మాస్టారూ, ఇతర దేశములలో కుర్రవాండ్రు పాత సామానుతో ఇటువంటివి చేసికొందురట గదా, ఎట్లు చేయుదురు? వారిని ఎవరును ఆపరా?" అని అడిగెను. ఆ రెండు ప్రశ్నలకు సమాధానమే ఈ వ్యాసము.

ఈ క్రీడ పుట్టినది జపానులో. ఆ దేశమున 1958 నాటి చట్టము సామాన్య పౌరుల చేత తుపాకి ఉండుటను దాదాపు నిషేధించినది. తుపాకిపై మోజు మాత్రము సినిమాల వలన తగ్గలేదు. 1960 తరువాత కాల్చుటకు పనికిరాని లోహపు నమూనాల వ్యాపారము అచ్చట వర్ధిల్లినది. వానితో కొందరు జనులను బెదరించుటచే 1971లోను, 1977లోను చట్టమును బిగించిరి. లోహముతో చేసిన చేతి తుపాకి నమూనాలకు గొట్టము మూసివేయవలెను. పసుపు గాని తెలుపు గాని రంగు వేయవలెను. అప్పుడు తయారీదారులు ప్లాస్టిక్ వైపునకు, గాలి వైపునకు మరలిరి. 1991లో టోక్యో మరూయి అను సంస్థ బ్యాటరీతో, చిన్న మోటారుతో పనిచేయు ఫామాస్ రైఫిలు ప్రతిరూపమును విడుదల చేసినది. నేటి ఎయిర్‌సాఫ్ట్ రైఫిళ్ళలో అధిక భాగమునకు అదియే మూలపురుషుడు.

దాని లోపలి యంత్రము మన సైకిలు పంపునకు చుట్టము. ఒక సిలిండరు, అందులో పిస్టను, దాని వెనుక స్ప్రింగు. మోటారు మూడు పళ్ళ చక్రములను త్రిప్పును. చివరి చక్రమునకు చుట్టును పళ్ళుండవు. ఒక భాగముననే యుండును. ఆ పళ్ళు పిస్టనును వెనుకకు లాగి స్ప్రింగును నొక్కును. పళ్ళు అయిపోగానే పిస్టను విడివడి ముందుకు దూకును. సిలిండరులోని గాలి ఒక సన్నని ముక్కుగుండా పోయి, గొట్టము మొదట నిలిచియున్న గింజను నెట్టివేయును. బ్యాటరీ లేని చౌకరకములో మోటారు పనిని మన చేయి చేయును, అంతే భేదము.

ఆ గింజ తూకము సాధారణముగా 0.20 గ్రాములు. అంత తేలికైన వస్తువు కొద్ది దూరములోనే నేలకు వ్రాలవలెను. దానిని గాలిలో నిలుపుటకు ఒక ఉపాయము కలదు. గొట్టము మొదట పైభాగమున చిన్న రబ్బరు బుడిపె యుండును. దానిని ఒరసికొని పోవు గింజ వెనుకకు గిరగిర తిరుగుచు బయలుదేరును. అట్లు తిరుగు బంతికి పైన గాలి ఒత్తిడి తగ్గి, క్రింద హెచ్చి, అది పైకి ఎత్తబడును. జర్మను శాస్త్రజ్ఞుడు మాగ్నస్ 1852లో వివరించిన ధర్మమిదియే. టేబుల్ టెన్నిస్‌లో బంతి అడుగును కోసినట్లు కొట్టినప్పుడు అది తేలుచు పోవుటను మన క్రీడాకారులు దినదినము చూచుచున్నారు.

బలము ఎంత అని అడుగుదురు. చలన శక్తి సూత్రము ఇంటరు విద్యార్థికి తెలిసినదే: ద్రవ్యరాశిలో సగమును వేగము యొక్క వర్గముతో గుణింపవలెను. 0.20 గ్రాముల గింజ సెకనుకు 99 మీటర్ల వేగముతో పోయినచో శక్తి 0.98 జౌలు. జపాను 2006లో సవరించిన చట్టము ఈ పరిమాణపు గింజకు విధించిన హద్దు సుమారుగా ఇదియే. మన ఎన్.సి.సి. విద్యార్థులు కాల్చు .22 రైఫిలు గుండు శక్తి ఇంచుమించు 140 జౌళ్ళు. ఈ రెంటికిని గల అంతరము తెలియవలెను. అట్లని 0.98 జౌలు ఆటవస్తువు కాదు. చర్మముపై కందును, కంటికి తగిలినచో చూపే పోవచ్చును. అందుచేత తగిన ప్రమాణము గల రక్షణ కళ్ళద్దములు లేనిదే మైదానములోనికి ఎవరిని రానీయరు. చదువుకొనుటకు పెట్టుకొను కళ్ళజోడు ఇందుకు చాలదు.

ఇక అసలు ప్రశ్న: తక్కువ ఖర్చుతో ఎట్లు చేయుదురు? క్రొత్త రైఫిలు బీద విద్యార్థికి ఎచ్చటనైనను భారమే. కనుక బ్రిటనులోను, అమెరికాలోను, తూర్పు ఐరోపాలోను నేర్పుగలవారు రెండు త్రోవల సామాను సేకరింతురు. మొదటిది, చెడిపోయిన ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు. తరువాత వచ్చిన తయారీదారులలో చాలమంది టోక్యో మరూయి కొలతలనే అనుసరించిరి. అందుచేత ఒక దాని మోటారు మరియొక దానికి, ఒక దాని సిలిండరు ఇంకొక దానికి సరిపోవుచుండును. చచ్చిన మూడింటి నుండి బ్రతికిన దానినొక దానిని చేయవచ్చును.

రెండవది, సైన్యములు వదలుకొన్న మిగులు సామాను. 1990 తరువాత తూర్పు ఐరోపా సైన్యములు మారిపోయినప్పుడు కలష్నికోవ్ రైఫిళ్ళ కొయ్య భాగములు, గుడ్డ పట్టీలు, సంచులు కుప్పలుగా అంగళ్ళకు వచ్చినవి. మన బెంగాలులోని ఇషాపూరు కర్మాగారపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళును మిగులు సామానుగా అమెరికా చేరినవి. ముందరి కొయ్యకు అడ్డముగా బిగించిన ఒక మరను చూచి, ఇది ఇషాపూరు కొయ్య అని అక్కడి సేకరణదారులు గుర్తుపట్టుదురు. ఏ సిపాయి చెమటతోనో నల్లబడిన ఆ కొయ్య, ఏ కర్మాగారపు ముద్రయో గల ఆ పట్టీ, ప్లాస్టిక్ ప్రతిరూపమునకు రానట్టి బరువును, నిండుదనమును ఇచ్చును.

ఇచ్చట ఒక హద్దు గలదు. మంచి పనివాడు నిజమైన తుపాకినుండి దాని వస్త్రములనే తీసికొనును, ఊపిరిని తీసికొనడు. కొయ్య, పట్టీ, సంచి వస్త్రములు. గొట్టము, గుండు గది, దానిని మూయు భాగము ఊపిరి. ఎయిర్‌సాఫ్ట్‌లోని పలుచని ఇత్తడి గొట్టము గాలి ఒత్తిడికి మాత్రమే పుట్టినది; మందుగుండు అను మాట దాని దరికి రాకూడదు. పెక్కు దేశములలో నిజమైన తుపాకి లోపలి భాగము ఒక్కటి దగ్గర ఉన్నను అది చట్టము దృష్టిలో ఆయుధమే.

పని క్రమము ఇట్లుండును. మొదట పాత తుపాకులను విప్పి, మరలను చిన్న డబ్బాలలో వేరువేరుగా పెట్టి, ఏది ఎచ్చటిదో కాగితముపై గీసికొనవలెను. కలష్నికోవ్ కొయ్య ప్రతిరూపమునకు నేరుగా అమరదు. ఆకురాయితో కొంచెము కొంచెముగా అరగదీయవలెను. ఒక్కసారిగా కోసినచో మరల అతుకుటకు లేదు. పిదప ఉప్పుకాగితముతో నునుపు చేసి అవిసె నూనె పట్టింతురు. భుజమునకు ఆనించు ప్లాస్టిక్ భాగము లోపల డొల్లగా నుండి అందులో బ్యాటరీ దాగుట కలదు. అసలు కొయ్య గట్టిది గనుక బ్యాటరీని పైమూత క్రిందికి మార్చుకొందురు.

అతి ముఖ్యమైన పని గాలి పోకుండ చూచుట. సిలిండరు ముక్కును వ్రేలితో మూసి పిస్టనును నెట్టవలెను. గాలి ఎదురుతిరిగి పిస్టను ఆగినచో లోపము లేదు. సులభముగా ముందుకు పోయినచో ఎక్కడో కారుచున్నది. అరిగిన రబ్బరు వలయమును మార్చి, సందులను టెఫ్లాన్ పట్టీతో మూసి, సిలికాను నూనె ఒక చుక్క వేయుదురు. పెట్రోలియం నూనె రబ్బరును ఉబ్బించి పాడుచేయును. తరువాత పళ్ళ చక్రములకు ప్రక్కల పలుచని వాషరులు వేసి, అవి ఒకదానినొకటి ఒరయకుండ, వదులుగా ఊగకుండ సరిచేయుదురు. తీగెకు ఒక ఫ్యూజు తప్పనిసరి. చివర వేగమును కొలుచు సాధనము ముందు పరీక్షించి, ఆ లెక్కను వ్రాసికొందురు.

క్రొత్తవాడు ఇచ్చటనే పొరబడును. దూరము చాలలేదని మరింత గట్టి స్ప్రింగును వేయును. వేగము ఐదవ వంతు పెరిగినచో శక్తి దాదాపు సగము పెరుగును. పిస్టను పళ్ళు విరుగును, హద్దు దాటును. అనుభవశాలి స్ప్రింగు జోలికి పోడు. కారుచున్న గాలిని ఆపి, రబ్బరు బుడిపెను సరిచేసి, గొట్టమును శుభ్రపరచును. అదే శక్తితో గింజ సూటిగా పోవును. పోగొట్టుకొనుచున్న దానిని నిలుపుకొనుటయే బీదవాని బలమని ఈ చిన్న యంత్రము చెప్పుచున్నది.

"వారిని ఎవరును ఆపరా?" అన్నది రెండవ ప్రశ్న. ఆపుదురు. బ్రిటను 2006లో చేసిన చట్టము నిజమైన దానివలె కనబడు నకలు తుపాకుల అమ్మకమును నిషేధించి, క్రమముగా ఆడువారికి మాత్రము మినహాయింపు నిచ్చినది. తక్కినవారు ప్రకాశవంతమైన రంగు గలవే కొనవలెను. 2017 చట్టము ఎయిర్‌సాఫ్ట్‌కు శక్తి హద్దులను నిర్ణయించినది: వరుసగా కాల్చు వానికి 1.3 జౌళ్ళు, ఒక్కొక్కటిగా కాల్చు వానికి 2.5 జౌళ్ళు. అమెరికాలో 1988 చట్టము బొమ్మ తుపాకులు, ప్రతిరూపములు నారింజ రంగు కొన వంటి గుర్తుతో అమ్మబడవలెనని శాసించినది. ఆ కొన ఏమి విలువ చేయునో 2014 నవంబరు 22న క్లీవ్‌లాండు నగరములో తెలిసినది. అక్కడి ఉద్యానవనములో 12 ఏండ్ల నల్లజాతి బాలుడు ఒక ఎయిర్‌సాఫ్ట్ తుపాకితో ఆడుకొనుచుండెను. దాని నారింజ కొన ఊడదీయబడి యుండెను. వచ్చిన పోలీసు కారు ఆగిన రెండు మూడు క్షణములలోనే అతనిపై కాల్పు జరిగెను. మరునాడు బాలుడు మరణించెను. రంగు కొన ఒక్కటే అతనిని కాపాడి యుండెడిదని నేననను. చూచువాని మనస్సులో ముందే ఉన్న భయమును ఏ రంగును పూర్తిగా చెరిపివేయలేదు. కాని ఆలోచించుటకు ఒక క్షణము దొరకుటకు మన చేతిలో నున్నది ఆ రంగే.

మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము గలదు. దాని క్రింద వచ్చిన 2016 నియమావళిలో తుపాకి ప్రతిరూపముల ప్రస్తావన యున్నది. కనుక ఇటువంటివి తెప్పించుటకు ముందే పోలీసు శాఖ వారిని అడిగి తెలిసికొనుట విధి; తెప్పించిన పిదప క్షమాపణ చెప్పుకొనుట కాదు. ఈ యంత్రశాస్త్రమును నేర్చుకొనుటకు తుపాకి ఆకారమే అక్కరలేదు. సిలిండరు, పిస్టను, స్ప్రింగు, రబ్బరు వలయము ఒక పీటపై బిగించి ప్రయోగశాలలో గాలి ఒత్తిడిని, వేగమును కొలువవచ్చును.

కళాశాల కమిటీ వారికి నాదొక మనవి. కవాతు కొరకు వాడు డి.పి. రైఫిళ్ళను కాల్చుటకు పనికిరాకుండ చేయుదురు. బ్రిటిషు సైన్యములో వానిపై ఆ రెండు అక్షరములు చెక్కి, తెల్లని పట్టీలు వేయుట ఆచారము. సైన్యమే తన నకలును నకలని చాటుకొన్నప్పుడు మనకేమి నామోషీ? ఇకమీదట నాటకపు ఆయుధములు కళాశాల బీరువాలోనే యుండవలెను. బయటకు పోవలసి వచ్చినచో మూసిన సంచిలో, ప్రిన్సిపాలుగారి ఉత్తరముతో, ఇద్దరు కలిసి తీసికొనిపోవలెను.

ఆ విద్యార్థి ఈ నియమమునకై వేచియుండలేదు. తన కొయ్య రైఫిలు కొనకు తానే జానెడు మేర నారింజ రంగు పూసికొని వచ్చెను. "అయ్యో, దూరమునుండియే ఉత్తిదని తెలిసిపోవుచున్నదే" అని తోటివారు విచారించిరి. అతడు నవ్వి, "తెలియవలెననియే గదా" అనెను.