అమ్మ పుట్టిల్లు బోధన్‌లో

మా అమ్మ పుట్టి పెరిగింది నిజామాబాదు జిల్లా బోధన్‌లో. నాన్నగారిది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా బోధన్ వెళ్ళి, అక్కడి సంఘ పెద్దల ద్వారా అమ్మను వివాహం చేసుకొని, కొన్నేళ్ళకు స్వగ్రామం తిరిగివచ్చారు. అందువలన మా తోబుట్టువులం అందరం కృష్ణా కాలువ నీళ్ళు తాగి పెరిగాము. అమ్మ తరఫు బంధువులు మాకు ఉత్తరాలలోను, శుభలేఖలలోను మాత్రమే తెలుసు. ఇక మా పిల్లలకైతే అదీ లేదు.

2024 నవంబరులో పెద్దమామయ్య కొడుకు హైదరాబాదు నుండి ఫోన్ చేశాడు. "నాయినకు డెబ్బయ్యెనిమిది ఏండ్లు. కండ్లు మంచిగ కానస్తలేవు. ఇల్లు అమ్మి నా దగ్గరికి రమ్మంటె వినడు. అత్తమ్మ చెప్తెనన్న వింటడేమో" అన్నాడు. తమ్ముడొకడు దుబాయిలో ఉన్నాడు. అమ్మ ఆ మాట విని రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. ఆ ఇల్లు పోతే ఆమెకు పుట్టిల్లు లేనట్టే. చివరకు క్రిస్మస్ సెలవులకు అందరం కలిసి బయలుదేరాము.

సికింద్రాబాదు జూబ్లీ బస్ స్టేషనులో నిజామాబాదు బస్సు ఎక్కితే మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి దాటి వెళ్ళాలి. పట్టణం ఇంకా రాకముందే డిచ్‌పల్లి వస్తుంది. మెథడిస్టు మిషనెరీలైన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి స్థాపించిన చోటు అది. దానికి ధారాళంగా సహాయం చేసిన నర్సాగౌడ్ హైందవుడు. అయినవాళ్ళు వెళ్ళగొట్టినవారు అక్కడ ఒకరికొకరు అయినవాళ్ళయి బ్రతికారని అమ్మ పిల్లలకు చెప్పింది. తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న కూడా ఇదే చోట బస్సులో నుండి చూపించి చెప్పేవాడట.

నిజామాబాదు పాత పేరు ఇందూరు. అక్కడ బస్సు మారి పాతిక కిలోమీటర్లకు పైగా వెళితే బోధన్. బజారులో దిగగానే మా చిన్నవాడు ఆశ్చర్యపోయాడు. పండ్ల బండి దగ్గర ఒక పెద్దాయన అచ్చం మా ఊరి యాసలో బేరం చేస్తున్నాడు! ఇందులో వింత లేదు. మంజీరా నదిపై 1923లో మొదలైన నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. కాలువ నీళ్ళు వచ్చాక కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి వర్ని, కోటగిరి, రుద్రూరు ప్రాంతాలలో భూములు కొని స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళను నేటికీ క్యాంపులనే పిలుస్తారు. మనవాళ్ళు ఇక్కడికి వచ్చారు, ఇక్కడి అమ్మ మన దగ్గరకు వచ్చింది. లెక్క సరిపోయిందని మేము నవ్వుకున్నాము.

ఇంట్లో నవ్వులకు కొదువ లేదు. "నల్లా కాడ బిందె పెట్టు బిడ్డా" అని అత్తయ్య అంటే, మా అమ్మాయి పెరడంతా నల్లటి వస్తువు కోసం వెదికింది. నల్లా అంటే కుళాయి అని అమ్మ చెప్పాక ఆ పిల్ల సిగ్గుపడి, వెంటనే నోటుపుస్తకం తీసి దవాఖాన, మక్కలు, సడక్ అని రాసుకోవడం మొదలుపెట్టింది. మర్నాటికి రెండు పేజీలు నిండాయి.

మామయ్య నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పాన్ హౌసులో పనిచేసి ఇరవై ఏళ్ళ క్రితమే విరమించారు. 1937లో వెలసిన ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. దాని చుట్టూ ఏర్పడిన కాలనీయే శక్కర్‌నగర్. ఉర్దూలో శక్కర్ అంటే చక్కెర కదా! చెరకు కొట్టిన కొద్ది గంటల్లో గానుగకు చేరాలని, ఆలస్యమైతే తీపి తగ్గిపోతుందని, అందుకే ఫ్యాక్టరీ తోటల మధ్యనే ఉండాలని మామయ్య పిల్లలకు చెప్పారు. రసంలో సున్నం కలిపి మడ్డి తీసి, కాచి చిక్కబరచి, పాన్‌లో పలుకు కట్టే క్షణం కనిపెట్టడమే ఆయన పని. "ఎక్కువైతె గడ్డ, తక్కువైతె పానకం" అంటూ చూపుడు వేలు, బొటనవేలు కలిపి పాకం తీగ చూసినట్టు చూపించారు. చూపు మందగించినా ఆ వేళ్ళకు మాత్రం గుర్తుంది.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు వారికి వెళ్ళింది. 2015 డిసెంబరు 23న, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, లే ఆఫ్ ప్రకటించి మూసివేశారు. ఆ సంవత్సరం చర్చిలో పాటలు పాడినవారి గొంతులు కూడా పూడుకుపోయాయని అత్తయ్య చెప్పింది. చాలామంది రైతులు చెరకు మాని వరి వేసుకున్నారు. ఎదిగిన పిల్లలు హైదరాబాదుకో గల్ఫ్‌కో వెళ్ళారు. మా మామయ్య ఇంటి వరుసలోనే మూడిళ్ళకు తాళాలు చూశాము.

క్రిస్మస్ రాత్రి భోజనాలయ్యాక అసలు మాట వచ్చింది. మామయ్య మెల్లగా అన్నారు: "ఇల్లు అమ్ముతె నా చెల్లె ఏడికి రావాలె?"

మేము ఎవరి పక్షం చెప్పాలో తోచక ఊరుకున్నాము. కొడుకు భయమూ న్యాయమే. ఆ రెండు రోజులు అమ్మ అన్నీ చూస్తూనే ఉంది. అత్తయ్య ఒక్కతే బిందెలు మోయడం చూసింది, మామయ్య మందు సీసాలను తడిమి పోల్చుకోవడం చూసింది.

"నా కోసమైతే ఉంచకు అన్నయ్యా," అంది అమ్మ. "వదినె చేతులు చూశినవా? నువ్వు ఏడ ఉంటె నేను ఆడికే వస్త."

ఇన్నేళ్ళుగా మా యాసలో మాట్లాడిన అమ్మ నోట ఆ పలుకు మేము మొదటిసారి విన్నాము. మామయ్య చాలాసేపు తల వంచుకొని కూర్చున్నారు. తరువాత కొడుకును పిలిచి, అమ్మడం మాట ఇప్పుడు వద్దన్నారు. ముందరి రెండు గదులు అద్దెకివ్వాలని, వానాకాలం నాలుగు నెలలు హైదరాబాదులో ఉండి కంటి వైద్యం చేయించుకోవాలని, క్రిస్మస్‌కు అందరూ బోధన్ రావాలని ఒప్పందమైంది. బావ వెంటనే ఒప్పుకున్నాడు. అత్తయ్య మాత్రం, అద్దెకు వచ్చేవాళ్ళు పెరట్లో జామచెట్టు కొట్టకూడదని ముందే చెప్పాలని రెండుసార్లు అంది.

మర్నాడు బయలుదేరేటప్పుడు అత్తయ్య గరిజెల డబ్బా ఒకటి, బెల్లం ఒక గడ్డ మా సంచిలో పెట్టింది. మా అమ్మాయి తన నోటుపుస్తకం అక్కడే వదిలివచ్చింది. మరచిపోలేదట, వచ్చే ఏడు మిగిలిన పేజీలు నింపుతుందట.